మీకు తెలుసా? ఇత్తడి గుల్లకు ఎన్ని తోముళ్లో!

ఇత్తడి బిందెకు చిలుము పడితే మన ఇళ్లలో ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. నానబెట్టిన చింతపండు పట్టించి, కొబ్బరి పీచుతో రుద్ది, కడిగి, ఎండలో బోర్లిస్తారు. అదే లోహానికి, దాదాపు అదే పద్ధతిలో, అమెరికాలో ఎన్నో ఇళ్ల గ్యారేజీల్లో తోముడు జరుగుతుంటుంది. అక్కడ తోమేది తుపాకీ తూటాల ఖాళీ గుల్లల్ని.

తూటా పేలినప్పుడు ముందుకు దూసుకుపోయేది గుండు ఒక్కటే. లోపలి మందు కాలిపోతుంది. అడుగున ఉండి నిప్పు రాజేసే బుల్లి ప్రైమర్ పని కూడా అంతటితో సరి. ఇత్తడి గుల్ల మాత్రం నిలిచి ఉంటుంది. తూటాలో ఎక్కువ ఖరీదు దానిదే. అందుకే గురి పోటీల వాళ్లూ వేటగాళ్లూ దాన్ని ఏరుకుని, శుభ్రం చేసి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడుకుంటారు. దీన్నే రీలోడింగ్ అంటారు. సొంత వాడకానికైతే అమెరికా ఫెడరల్ చట్టం లైసెన్స్ అడగదు, తయారుచేసి అమ్మితే అడుగుతుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మందుగుండు తయారీకి లైసెన్స్ తప్పనిసరి. కాబట్టి ఇవన్నీ తెలుసుకోవడానికే, చేసి చూడటానికి కాదు. శుభ్రం వేరు, మెరుపు వేరు అని ఇంత బాగా చూపించే వస్తువు నాకు ఇంకోటి తగల్లేదు. అందుకే ఈ వారం శీర్షికంతా దీనికే ఇస్తున్నాను.

బిందె, ట్రంపెట్, తూటా

నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఈ పాళ్లలో కలిపిన ఇత్తడికి లోహశాస్త్రంలో ఉన్న పేరే ‘కాట్రిడ్జ్ బ్రాస్’, అంటే తూటా ఇత్తడి. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్లు ఊదే ట్రంపెట్లలో చాలావాటికి వాడేదీ ఈ పాళ్ల ఇత్తడే. ఎంత లోతుగా సాగదీసినా చిరగకపోవడం దీని గొప్పతనం. చిన్న బిళ్లను అచ్చులో ఒత్తి ఒత్తి, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ, సన్నని గొట్టంగా లాగుతారు. తుపాకీ పేలిన క్షణంలో ఈ గొట్టం ఉబ్బి చుట్టూ ఉన్న ఉక్కు గోడకు అతుక్కుంటుంది. దాంతో మండే వాయువు వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా ఆగుతుంది. మరుక్షణమే గొట్టం కాస్త ముడుచుకుని బయటికి జారుతుంది. ఉబ్బడమూ ముడుచుకోవడమూ రెండూ తెలిసిన లోహం ఇది.

తోమేది చూడటానికి

తోమడం అందం కోసమే అనుకుంటారు చాలామంది. అసలు కారణాలు రెండు, రెండింటికీ అందంతో పనిలేదు.

ఒకటి: పేలినప్పుడు ఉబ్బిన గుల్లను మళ్లీ పాత కొలతకు తేవడానికి డై అనే గట్టి అచ్చులోకి బలంగా తోస్తారు. గుల్లకు ఒక్క ఇసుక రేణువు అంటుకుని ఉన్నా అది అచ్చు లోపలి గోడను గీరుతుంది. ఆ గీత ఇక పోదు. ఆ తర్వాత అచ్చులోకి వెళ్లే ప్రతి గుల్ల మీదా అదే గీత పడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. మసి కింద పగులు కనిపించదు. వేటకూ పోటీలకూ వాడే .30-06 రైఫిల్ తూటానే తీసుకోండి. దాని లోపల ఒత్తిడికి పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ హద్దు చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి ఇది సుమారు నాలుగు వేల రెట్లు. దాన్ని ఆపేది పలచని ఇత్తడి గోడ, దాని చుట్టూ ఉన్న ఉక్కు. కాల్చేవాడి చెంప అక్కణ్ణుంచి జానెడు దూరంలో ఉంటుంది. పదే పదే వాడిన గుల్ల అడుగుకి కాస్త పైన, చుట్టూ సన్నని మెరిసే గీత కనబడితే లోపల గోడ సాగి పలచబడిందని అర్థం. అనుమానం తీరకపోతే కొన వంచిన సన్నని తీగను లోపలికి పంపి గోడ వెంట పైకి లాగి చూస్తారు. గుంట ఉంటే తీగ కొన అక్కడ తట్టుకుంటుంది. అలాంటి గుల్లను పక్కన పారేయాల్సిందే. మళ్లీ వాడితే పేలేటప్పుడు రెండు ముక్కలు కావచ్చు. ఆ గీతను కళ్లు పట్టుకోవాలంటే ముందు మసి పోవాలి. తోముడు అసలు ప్రయోజనం అదీ.

కస్టర్ సైన్యాన్ని చిలుము ముంచిందా?

1876 జూన్ 25. మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున లకోటా, షెయెన్, అరాపహో యోధుల చేతిలో అమెరికా ఏడో అశ్విక దళం చిత్తుగా ఓడింది. దాన్ని నడిపిన జార్జ్ కస్టర్ అక్కడే చనిపోయాడు. ఆ దళం చేతుల్లో ఉన్నవి 1873 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు. వాటి తూటా గుల్లలు అప్పటికి ఇత్తడివి కావు, రాగివి. సైనికులు వాటిని తోలు బెల్టుల్లో గుచ్చుకుని తిరిగేవాళ్లు. తోలును ఊనడానికి వాడే టానిన్ ఆమ్లం రాగితో కలిసి పచ్చటి చిలుము పుట్టించేది. చిలుము పట్టిన తూటా పేలాక, వేడికి ఆ గుల్ల తుపాకీలో తూటా కూర్చునే గదికి బంకలా అంటుకుపోయేది. బయటికి లాగే కొక్కెం మెత్తటి రాగి అంచును చీల్చుకుని వచ్చేసేది గాని గుల్ల మాత్రం కదిలేది కాదు. అప్పుడు కత్తి మొనతో పెళ్లగించుకోవాలి. ఎదురుగా శత్రువు.

ఆ యుద్ధంలో ప్రాణాలతో బయటపడ్డ మేజర్ మార్కస్ రీనో ఈ లోపాన్ని పై అధికారులకు రాతపూర్వకంగా తెలియజేశాడు. చాలా కాలం ఓటమికి ఇదే కారణమన్న మాట నడిచింది. 1980ల్లో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే పురావస్తు పరిశోధకులు మెటల్ డిటెక్టర్లతో ఆ నేలంతా గాలించి, దొరికిన గుల్లలన్నిటినీ పరీక్షించారు. పెళ్లగించిన గాట్లు ఉన్నవి కొద్దిగానే తేలాయి. చిలుము ఇబ్బంది పెట్టిన మాట నిజం, యుద్ధం ఓడించినంత కాదు. నేను ఆ పరిశోధకుల లెక్కనే నమ్ముతాను. ఏమైనా తర్వాతి ఏళ్లలో అమెరికా సైన్యం తోలు నుంచి నేత బెల్టులకూ, రాగి నుంచి ఇత్తడికీ మారింది. ఇప్పటికీ రీలోడింగ్ చేసేవాళ్లు తూటాలను తోలు పట్టీల్లో ఏళ్ల తరబడి ఉంచొద్దని చెబుతారు.

నల్లమందు రోజుల్లో సబ్బు నీళ్లే దిక్కు

19వ శతాబ్దంలో తూటాల్లో ఉండేది నల్లమందు: సురేకారం, గంధకం, బొగ్గు. అది కాలాక మిగిలే మసి గాలిలో తేమను లాక్కుంటుంది. ఆ తేమతో కలిసి లోహాన్ని తినేస్తుంది. అమెరికా మైదానాల్లో అడవిదున్నల్ని వేటాడినవాళ్లు పట్టణానికి వందల మైళ్ల దూరంలో ఉండి తమ తూటాలు తామే నింపుకునేవాళ్లు. సరిహద్దు కోటల్లోని సైనికులకు ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫోర్డ్ ఆర్సెనల్ రీలోడింగ్ పనిముట్లు పంపేది. అందరికీ ఒకటే నియమం: కాల్చిన రోజే సబ్బు నీళ్లలో కడగాలి. రేపటికి వాయిదా వేస్తే మసి గట్టిపడి, కింద లోహం గుంటలు పడుతుంది. ఇవాళ కూడా పాత తుపాకులంటే ప్రాణం పెట్టి నల్లమందుతోనే కాల్చేవాళ్లు పోటీ మైదానానికి సబ్బు నీళ్ల డబ్బా వెంట తీసుకెళతారు. గుల్లను కాల్చీ కాల్చగానే అందులో పడేస్తారు.

ఎంత కడిగినా పోని జబ్బు

ఆ కాలపు ప్రైమర్లలో పాదరసం ఉండేది. మెర్క్యురీ ఫల్మినేట్ అనే పేలుడు పదార్థం అది. పేలినప్పుడు విడిపోయే పాదరసం ఇత్తడిలోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది. బంగారు ఉంగరానికి పాదరసం తగిలితే ఏమవుతుందో మన కంసాలులకు బాగా తెలుసు. ఇదీ అలాంటిదే. నల్లమందు కాలంలో దట్టమైన మసితో పాటు పాదరసం చాలావరకు బయటికి పోయేది కాబట్టి పెద్ద ఇబ్బంది తెలియలేదు. పొగలేని కొత్త మందు వచ్చాక మసి తగ్గింది. పాదరసం నేరుగా ఇత్తడి మీద పడింది. పైకి శుభ్రంగా మెరుస్తున్న గుల్ల రెండోసారి పేల్చేసరికి చిట్లిపోయేది. ఏ సబ్బూ, ఏ ఆమ్లమూ దీన్ని బాగుచేయలేవు. అమెరికా సైన్యం 1898లో పాదరసం లేని ప్రైమర్‌కు మారింది.

ఇంగ్లిషువాడి ప్రైమర్ అమెరికాలో, అమెరికావాడిది యూరప్‌లో

హైరమ్ బెర్డాన్ అమెరికావాడు. ఎడ్వర్డ్ బాక్సర్ ఇంగ్లండ్‌లో వూలిచ్ ఆర్సెనల్ అధికారి. ఇద్దరూ 1866లోనే చెరో రకం ప్రైమర్‌కు పేటెంట్ తీసుకున్నారు. బాక్సర్ పద్ధతిలో గుల్ల అడుగున నడిమధ్య ఒకే రంధ్రం. బెర్డాన్ పద్ధతిలో సాధారణంగా పక్కలకు రెండు చిన్న రంధ్రాలు. చివరికి అమెరికా అంతా బాక్సర్‌ది వాడింది, యూరప్ సైన్యాలు ఎక్కువగా బెర్డాన్‌ది వాడాయి! తోమేవాడికి ఈ తేడా పెద్దదే. నడిమి రంధ్రంలోంచి సన్నని కడ్డీ దూర్చి పొడిస్తే కాలిన ప్రైమర్ ఊడిపోతుంది, కింది గుంట కూడా కడుగుడుకు అందుతుంది. బెర్డాన్ గుల్లకు ఆ వీలు లేదు. అందుకే చాలామంది దాన్ని ఏరి పాత ఇత్తడి సామాను కింద వేసేస్తారు.

మొక్కజొన్న బెండు, అక్రోట్ చిప్ప

మొక్కజొన్న గింజలు ఒలిచేశాక మిగిలే బెండు మన పల్లెల్లో పొయ్యిలోకి పోతుంది. దాన్నే రవ్వలా పొడి కొట్టి, గిన్నెలాంటి యంత్రంలో పోసి, అందులో గుల్లలు వేసి మోటారుతో గడగడ వణికించడం అమెరికాలో ఇత్తడి తోముడుకి బాగా అలవాటైన పద్ధతి. మోటారు ఇరుసుకు ఒకవైపే బరువు కట్టి ఉంటుంది. అందుకే అది తిరిగినంతసేపూ గిన్నె అదురుతూనే ఉంటుంది. రవ్వలో మునిగిన గుల్లలు మెల్లగా పైకీ కిందికీ చుట్టు తిరుగుతాయి. రెండు నుంచి నాలుగు గంటలు.

బెండు మెత్తన, నునుపు తెస్తుంది. మసి మొండిదైతే అక్రోట్ చిప్పల పొడి వాడతారు. అది గరుకు, పని తొందరగా చేస్తుంది, మెరుపు మాత్రం తక్కువ ఇస్తుంది. కంసాలులు నగలకు మెరుగు పెట్టడానికి వాడే ఎర్రటి ఇనుప ఆక్సైడ్ పొడిని అక్రోట్ పొడికి పట్టించి అమ్మే రకం కూడా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు ఈ సరుకును తుపాకీ దుకాణంలో కొనరు. బల్లులు, పాములు పెంచుకునేవాళ్ల కోసం పెంపుడు జంతువుల దుకాణాల్లో అక్రోట్ పొడిని బస్తాల్లో అమ్ముతారు, అక్కడ చవక. బట్టల డ్రయ్యర్‌లో వేసే పలచని షీటు ఒకటి వాడేసింది ఉంటే ముక్కలు చేసి గిన్నెలో వేస్తారు. లేచే దుమ్మంతా దానికి అంటుకుంటుంది.

లోపం ఒకటుంది. రవ్వ గింజ ఒక్కోసారి గుల్ల అడుగు రంధ్రంలో ఇరుక్కుంటుంది. ముందే ప్రైమర్ తీసేసినవాళ్లు తోమాక ప్రతి గుల్లనూ వెలుతురుకు పట్టి చూసుకోవాలి.

స్టీలు పిన్నులు, నిమ్మ ఉప్పు

ఇది తడి పద్ధతి. రంగురాళ్లను నునుపు చేసుకునే అభిరుచి ఉన్నవాళ్లు వాడే గుండ్రటి డ్రమ్ములు మొదట ఈ పనికి వచ్చాయి. డ్రమ్ములో నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు కొన్ని చుక్కలు, చిటికెడు సిట్రిక్ ఆమ్లం, వీటితో పాటు వేలాది స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు. ఒక్కో పిన్ను మందం 1.2 మిల్లీమీటర్లు, పొడవు ఆరున్నర మిల్లీమీటర్లకు అటూ ఇటూ. డ్రమ్ము తిరుగుతుంటే పిన్నులు గుల్ల లోపలికీ, ప్రైమర్ గుంటలోకీ దూరి గీకుతాయి. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టు బయటపడుతుంది గుల్ల, లోపలా బయటా. పిన్నుల్ని అయస్కాంతంతో ఏరుకుంటారు. సన్నని మూతి ఉన్న చిన్న గుల్లల్లో మాత్రం ఒకటో రెండో పిన్నులు ఇరుక్కుపోతాయి. ఒక్కటి లోపల మిగిలినా ప్రమాదమే, కాబట్టి లెక్కగా చూసుకోవాలి.

ఇక సిట్రిక్ ఆమ్లం మన వంటింట్లోని నిమ్మ ఉప్పే. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. రెండూ చేసే పని ఒకటే: ఇత్తడి పైన నల్లగా పేరుకున్న ఆక్సైడ్ పొరను కరిగించి, కింది లోహాన్ని పెద్దగా ముట్టుకోకుండా వదిలేయడం. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చెంబైనా, అమెరికాలో పేలిన గుల్లైనా రసాయనానికి తేడా తెలియదు.

గులాబీ రంగు వస్తే ఆగాలి

ఆమ్లం ఎక్కువైనా, నానబెట్టడం ఎక్కువసేపైనా ఇత్తడి పసుపు పోయి గులాబీ ఛాయకు తిరుగుతుంది. జింకు కరిగిపోయి పైన రాగి మాత్రమే మిగిలిందన్న మాట. చింతపండు పట్టించి మరిచిపోయిన పూజ పళ్లెం మీద ఆ ఛాయ మీరూ చూసే ఉంటారు. పళ్లేనికైతే మళ్లీ రుద్దితే సరిపోతుంది. ఒత్తిడి మోయాల్సిన గుల్లలో జింకు లోతుగా పోతే మిగిలేది స్పాంజి లాంటి బలహీనమైన రాగి. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టే అలవాటుకు నేను వ్యతిరేకిని. పలచని సిట్రిక్ ఆమ్లంలో కొద్ది నిమిషాలు చాలు, వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి.

వానాకాలం పగుళ్లు

ఈ శీర్షికలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇది. జరిగింది మన దేశంలోనే.

బ్రిటిష్ పాలన రోజుల్లో సైన్యం నిలవ చేసిన తూటాల్లో వింత రోగం కనబడింది. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కింద పడేయలేదు. పెట్టెల్లో ఉన్నవి ఉన్నట్టే గుల్లలు నిలువునా పగిలేవి. వేసవిలో బాగుండేవి, వానలు మొదలయ్యాక పగిలేవి. పచ్చి కలప ఆరేటప్పుడు పడే పగుళ్లలా కనిపించడం, ఆ ఋతువులోనే రావడం, రెండూ కలిసి దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అన్న పేరు తెచ్చాయి. కొంతకాలం తయారీ లోపమనుకున్నారు. ఇత్తడి నాసిరకమనుకున్నారు.

గుట్టు గుర్రపుశాలల్లో ఉంది. వానాకాలంలో తూటా పెట్టెల్ని తడవకుండా శాలల్లో నిలవ చేసేవాళ్లు. గుర్రాల మూత్రం, లద్దె కుళ్లి అమోనియా ఆవిరి లేచేది. వానాకాలపు తేమలో అది ఇత్తడి మీద పలచని పొరలా చేరేది. అమోనియాకు రాగి అంటే మహా ఇష్టం. రాగితో కలిసి కరిగిపోయే సమ్మేళనంగా మారుతుంది. అయినా మామూలు ఇత్తడి ముక్క ఇంత సులువుగా పగలదు. తూటా గుల్లను చల్లటి లోహం మీదే ఒత్తి, సాగదీసి తయారు చేస్తారు కదా, ఆ ఒత్తుడు తాలూకు బిగువు గోడలోనే దాగి ఉండిపోతుంది. చుట్టి బిగించిన స్ప్రింగు లాంటిదన్నమాట. అమోనియా లోహపు రేణువుల మధ్య అతుకుల్ని కొరుకుతూ పోతుంది, లోపలి బిగువు ఆ సందును లాగి పెద్దది చేస్తుంది. లోహం కాస్తంత కూడా అరిగినట్టు కనిపించదు, కానీ పగులు మాత్రం గోడ దాటేస్తుంది.

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని వివరంగా నిరూపించారు. మందు రెండు మాటల్లో ఉంది: తయారీ చివర గుల్లను తక్కువ వేడి మీద కాల్చి లోపలి బిగువు సడలించడం, అమోనియా దరిదాపుల్లో నిలవ చేయకపోవడం. ఇవాళ విమానాలు, పైపులైన్లు, అణు కేంద్రాల గొట్టాల భద్రత చూసే ఇంజినీర్లు చదివే ‘స్ట్రెస్ కొరోజన్ క్రాకింగ్’ పాఠంలో మొదట చెప్పుకునే ఉదాహరణల్లో మన వానాకాలం ఒకటి.

బ్రాసో గుల్లల దగ్గరికి ఎందుకు రాకూడదు?

ఎన్‌సీసీలో చేరిన ప్రతి పిల్లాడికీ తెలిసిన వాసన ఇత్తడి పాలిష్ బ్రాసోది. పరేడ్ ముందురోజు రాత్రి బెల్టు బకిల్ మీద రెండు చుక్కలు వేసి గుడ్డతో రుద్దడం, అద్దంలా వచ్చేదాకా ఆపకపోవడం నాకూ గుర్తే. ముక్కు ఘాటెక్కించే ఆ వాసన అమోనియాది. బకిల్‌కు ఏ ప్రమాదమూ లేదు. పైన చెప్పిన గుర్రపుశాల కథ విన్నాక తూటా గుల్లకు అది ఎందుకు పనికిరాదో వేరే చెప్పక్కర్లేదు. రీలోడింగ్ పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి ఇదే హెచ్చరిస్తాయి: పాలిష్ సీసా మీద అమోనియా అన్న మాట కనబడితే ఇత్తడి గుల్ల దగ్గరికి రానివ్వొద్దు. ఇది బకిల్ తోమిన చేతులకు అంత తొందరగా వంటబట్టే మాట కాదు. మెరిసేదంతా మేలు చేస్తుందనే ఆ చేతుల నమ్మకం.

వినబడని శబ్దంతో స్నానం

కళ్లజోడు దుకాణంలో చిన్న తొట్టెలో నీళ్లు పోసి, కళ్లజోడు వేసి బటన్ నొక్కుతారే, అదే యంత్రం. సుమారు 40 కిలోహెర్ట్జ్ దగ్గర కంపించే శబ్దం, మన చెవికి అందే గరిష్ఠానికి రెట్టింపు. ఆ అదురుకు నీళ్లలో కంటికి కనిపించని బుడగలు పుట్టి, పగిలి, మసిని ఊడగొడతాయి. రాపిడి అంటూ ఉండదు. నిమిషాల్లో పని అవుతుంది. బయటికొచ్చిన గుల్ల శుభ్రంగా ఉంటుంది, అయితే మసకగా, మెరుపు లేకుండా ఉంటుంది. చూసి కొత్తవాళ్లు నిరుత్సాహపడతారు. వాడకానికి అది పూర్తిగా సిద్ధమే.

ఆ నీలం మరక మురికి కాదు

సైన్యం తూటాల మూతి దగ్గర నీలం, ఊదా కలిసిన నీడ ఒకటి కనిపిస్తుంది. గుండును పట్టుకునే మూతి పెళుసెక్కకుండా చివర్లో మంటతో కాల్చి మెత్తబరిచిన గుర్తు అది. మామూలు మార్కెట్ తూటాలకూ ఆ కాల్పు ఉంటుంది. కంపెనీవాళ్లు మరకను పాలిష్ చేసి అమ్ముతారు, సైన్యం ఉంచేస్తుంది.

మరీ శుభ్రమైతే?

గుల్ల మూతి లోపల మిగిలే పలచని మసి పొర పొడి కందెనలా పనిచేస్తుంది. స్టీలు పిన్నులతో దాన్ని మొత్తం గీకేస్తే, నున్నటి ఇత్తడికి గుండు పట్టేసి, ఒక్కో తూటాలో ఒక్కో బిగువు వస్తుంది. వందల గజాల దూరంలో కాగితం మీద ఒకే రంధ్రంలోంచి ఐదు గుండ్లు పంపాలనుకునే గురి పోటీదారుల్లో చాలామంది అందుకే మూతి లోపల నైలాన్ బ్రష్ ఒక్కసారి తిప్పి ఊరుకుంటారు.

ఎండబెట్టడం, పండ్లు ఆరబెట్టే యంత్రం

తడి గుల్లలో మందు పోస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మన దగ్గరైతే డాబా మీద ఎండ చాలు. అమెరికా చలికాలంలో ఆ వీలు లేక పండ్లు, మాంసం ఎండబెట్టే ఫుడ్ డీహైడ్రేటర్‌లో ట్రేల నిండా పరుస్తారు. తిండికి వాడేదాన్ని మళ్లీ దీనికి వాడకూడదు, విడిగా ఒకటి ఉండాలి. వేడి ఎక్కువైతే ఇంకో చిక్కు. సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇత్తడి మెత్తబడటం మొదలవుతుంది. మూతి మెత్తగా ఉన్నా ఫరవాలేదు, అడుగు మెత్తబడిన గుల్ల మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. ఇల్లు కాలిన చోట దొరికిన గుల్లలు ఎంత బాగా కనిపించినా వాడరు.

దుమ్ములో సీసం

ఇది చదివి వదిలేయకండి. అమెరికాలో ఉన్న మన పిల్లలో, బంధువులో ఎవరైనా షూటింగ్ రేంజికి వెళ్లేవాళ్లుంటే వాళ్లకు చెప్పండి.

ఇప్పటి ప్రైమర్లలో చాలావాటిలో ఉండేది లెడ్ స్టిఫ్నేట్. పేరులోనే సీసం. పేలాక ఆ సీసం సన్నని బూడిదగా గుల్ల లోపల మిగులుతుంది. గుల్లను పొడి పద్ధతిలో తోమితే అదంతా రవ్వలోకి, అక్కణ్ణుంచి దుమ్ములోకి చేరుతుంది. మూత తీసి, గుల్లల్ని జల్లెడ పట్టే ఆ రెండు నిమిషాల్లో లేచే దుమ్మే అసలు ప్రమాదం. సీసం పెద్దల నరాలను, రక్తపోటును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిల్లల విషయంలో ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. పిల్లల రక్తంలో సీసానికి అమెరికా సీడీసీ 2021లో పెట్టిన హెచ్చరిక గీత డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు. అంతకు లోపు ఉంటే భయం లేదని దాని అర్థం కాదు. సీసానికి సురక్షితమైన మోతాదంటూ తేలలేదు.

తెలిసినవాళ్లు చేసే పని ఇదీ: యంత్రాన్ని ఇంటి గదుల్లో కాకుండా బయట, మూత బిగించి నడుపుతారు. దుమ్ము లేవకుండా రవ్వను కొద్దిగా తడుపుతారు. జల్లెడ పట్టేటప్పుడు మాస్కు, చేతులకు గ్లౌజులు. పని అయ్యేదాకా ఏదీ తినరు, తాగరు. ఆ బట్టలు విడిగా ఉతుకుతారు. వంటింటి గిన్నె, సింకు, ఓవెన్, డిష్‌వాషర్ ఏదీ ఈ పనికి వాడరు. తడి పద్ధతిలో దుమ్ము ఉండదు, అది పెద్ద లాభం. కానీ నల్లటి ఆ నీళ్లలో సీసం ఉంటుంది, చేతులు ముంచి కలపకూడదు. నా ఓటు ఎప్పుడూ తడి పద్ధతికే. కారణం మెరుపు కాదు, ఇంట్లో పాకే పిల్లలు.

గుల్లలు కరిగించి నాణేలు

రెండో ప్రపంచ యుద్ధంలో తూటాలకూ తీగలకూ రాగి చాలక అమెరికా 1943లో ఒక సెంటు నాణేన్ని జింకు పూసిన ఉక్కుతో ముద్రించింది. తెల్లగా ఉండి జనం పది సెంట్ల డైమ్ నాణెంగా పొరబడేవాళ్లు, త్వరగా తుప్పూ పట్టేది. 1944 నుంచి 1946 దాకా మళ్లీ రాగి రంగు సెంట్లు వచ్చాయి. వాటి కోసం కరిగించిన లోహంలో పేలిన తూటాల, ఫిరంగి గుళ్ల ఖాళీ గుల్లలు కూడా ఉన్నాయి. నాణేలు పోగుచేసేవాళ్లు వాటిని ఇప్పటికీ ‘షెల్ కేస్ సెంట్లు’ అంటారు.

తుడిచినా పోని వేలిముద్ర

2008లో ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్ పోలీసు విభాగంలో పనిచేసే శాస్త్రవేత్త జాన్ బాండ్ ఒక సంగతి కనిపెట్టాడు. తూటాను తుపాకీలో పెట్టేటప్పుడు వేలి చెమట ఇత్తడికి అంటుతుంది. చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పులోని క్లోరైడ్ ఇత్తడిని అతి సన్నగా తింటుంది, పేలుడు వేడికి ఆ తినడం ఇంకా వేగం పుంజుకుంటుంది. వేలిముద్ర గీతలు అలా లోహంలోనే చెక్కినట్టు పడిపోతాయి. గుల్లను గుడ్డతో తుడిచినా, సబ్బు నీళ్లతో కడిగినా తడి పోతుంది గాని గీత పోదు. బాండ్ ఆ గుల్లకు 2,500 వోల్టుల విద్యుత్తు పెట్టి, సన్నని కార్బన్ పొడి పట్టించిన సిరామిక్ పూసల్ని దాని మీద దొర్లించాడు. ఇత్తడి తినబడిన గీతల దగ్గర మాత్రమే పొడి అంటుకుని, పోయిందనుకున్న వేలిముద్ర నల్లగా తేలింది.